కణంలోకి ఏ ప్రోటీన్ ఏం చేరవేస్తోంది? నాకౌట్ ఎలుకలతో తేల్చడం ఎలా

ఫలానా ప్రోటీన్ ఫలానా పదార్థాన్ని కణంలోకి చేరవేస్తోందని మీకు అనుమానం. డిష్‌లో పెంచిన కణాల్లో ఆ ప్రోటీన్‌ని తగ్గించి చూశారు, అప్‌టేక్ (కణం ఆ పదార్థాన్ని లోపలికి తీసుకోవడం) కూడా తగ్గింది. బాగానే ఉంది. కానీ డిష్‌లో రక్తప్రవాహం లేదు, కాలేయం లేదు, అదే పదార్థం కోసం పోటీపడే వేరే కణాలు లేవు. ఒంట్లో ఆ ప్రోటీన్ నిజంగా ఎంత పని చేస్తోందో తెలియాలంటే, అది లేకుండా పుట్టి పెరిగిన జంతువు కావాలి. చిట్టెలుకలో కోరుకున్న జన్యువును తీసేసే పద్ధతికి (అలా చేసిన ఎలుకనే నాకౌట్ అంటారు) దారి వేసిన కపెచ్చి, ఎవాన్స్, స్మితీస్‌లకు 2007లో నోబెల్ వచ్చింది. ఇప్పుడు అది చాలా ల్యాబుల్లో రోజువారీ పని. అయినా అప్‌టేక్ మీద పనిచేసేవాళ్లు దీన్ని జాగ్రత్తగా వాడాలి, ఎందుకంటే ఇక్కడ తప్పుడు నిర్ధారణకు రావడం చాలా తేలిక.

ఉదాహరణగా ఎల్‌డీఎల్ రిసెప్టర్‌ని తీసుకుంటాను. రక్తంలోని ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్‌ని కణాల్లోకి, ముఖ్యంగా కాలేయంలోకి లాగే ప్రోటీన్ ఇది. దీన్ని కనిపెట్టిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ దక్కింది. 1993లో డల్లాస్‌లోని వాళ్ల బృందమే ఈ రిసెప్టర్ లేని ఎలుకను తయారుచేసింది. మీ ప్రోటీన్ వేరేదైనా సరే, అడుగులు ఇవే.

1. ముందు ప్రశ్నను ముక్కలు చేయండి

"అప్‌టేక్ తగ్గింది" అన్న ఒక్క మాటలో కనీసం మూడు సంగతులు కలిసిపోయి ఉంటాయి. పదార్థం కణం పైపొరకు అతుక్కోలేదా? అతుక్కుంది కానీ లోపలికి వెళ్లలేదా? వెళ్లింది కానీ లైసోజోమ్ (తెచ్చినదాన్ని అరగదీసే కణంలోని సంచి) దాకా చేరకుండా వెనక్కి వచ్చేసిందా? ఈ మూడింటినీ విడివిడిగా కొలిచే ప్లాన్ లేకుండా ఎలుకల జోలికి వెళ్లకండి.

ఇది ఎంత ముఖ్యమో ఏఆర్‌హెచ్ అనే అడాప్టర్ ప్రోటీన్ (రిసెప్టర్‌ని లోపలికి లాగే యంత్రాంగానికి కలిపేది) కథలో కనిపిస్తుంది. ఏఆర్‌హెచ్ లేని ఎలుకల కాలేయ కణాల్లో ఎల్‌డీఎల్ రిసెప్టర్ పైపొర మీద పుష్కలంగా ఉంటుంది, ఎల్‌డీఎల్ దానికి చక్కగా అతుక్కుంటుంది కూడా. లోపలికి మాత్రం పోదు. కేవలం బైండింగ్ (అతుక్కోవడం) కొలిచి ఆపేస్తే ఆ ఎలుకలో లోపమే లేదనుకుంటారు. కేవలం రక్తంలో కొలెస్ట్రాల్ చూస్తే రిసెప్టరే లేదనుకుంటారు. రెండూ తప్పే.

ఇంకొకటి కూడా ఉంది. రక్తంలో ఒక పదార్థం పెరిగితే దానికి రెండు కారణాలుండొచ్చు: కణాలు తీసుకోవడం తగ్గి ఉండొచ్చు, లేదా తయారీ పెరిగి ఉండొచ్చు. ఏ ఫలితం వస్తే మీ ఊహ తప్పని ఒప్పుకుంటారో ప్రయోగం మొదలుపెట్టక ముందే నోట్‌బుక్‌లో రాసి తేదీ వేసుకోండి.

2. అనుమతులు

భారతదేశంలో అయితే మీ సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి లేకుండా ఒక్క ఎలుకను కూడా ముట్టుకోకూడదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర కమిటీ దీనంతటినీ పర్యవేక్షిస్తుంది. పాతవాళ్లు దాన్ని ఇప్పటికీ సీపీసీఎస్‌ఈఏ అనే అంటారు, ఇప్పటి పేరు సీసీఎస్‌ఈఏ. జన్యువు మార్చిన జంతువు కాబట్టి సంస్థలోని బయోసేఫ్టీ కమిటీకి కూడా విడిగా చెప్పాలి. దరఖాస్తులో ఎన్ని ఎలుకలు, ఎందుకు అన్ని, నొప్పి తెలియకుండా ఏం చేస్తారు అన్నవి స్పష్టంగా రాయండి. బ్రీడింగ్‌లో పుట్టి, జీనోటైప్ (జన్యువు ఏ రూపంలో ఉందన్నది) కుదరక ప్రయోగానికి పనికిరాని పిల్లల సంఖ్యను చాలామంది లెక్కలో వేయరు. అవి కూడా ప్రాణాలే, వాటిని కూడా రాయాలి.

3. ఎలుక ఇప్పటికే ఉందేమో వెతకండి

కొత్తగా తయారుచేసే ముందు ఎలుకల జన్యువుల వివరాలుండే ఎంజీఐ డేటాబేస్‌లో మీ జన్యువు పేరు కొట్టి చూడండి. అంతర్జాతీయ కన్సార్టియం ఐఎంపీసీ వేల జన్యువులకు నాకౌట్లు తయారుచేసి, వాటి లక్షణాలన్నీ అందరికీ అందుబాటులో పెట్టింది. ఎల్‌డీఎల్ రిసెప్టర్ ఎలుక జాక్సన్ ల్యాబొరేటరీలో ఎన్నో ఏళ్లుగా దొరుకుతోంది. బతికున్న ఎలుక దొరక్కపోయినా, ఫ్రీజ్ చేసిన వీర్యం దొరకొచ్చు. బెంగళూరులోని ఎన్‌సీబీఎస్, ఇన్‌స్టెమ్ క్యాంపస్‌లో ఎలుకల జీనోమ్ ఇంజనీరింగ్‌కి ప్రత్యేక ఫెసిలిటీ ఉంది. హైదరాబాద్‌లో అయితే సీసీఎంబీ యానిమల్ హౌస్‌లో ఈ పనిలో చేయి తిరిగినవాళ్లు ఉన్నారు. వెళ్లి అడగండి, ఈ రంగంలో అడిగితే చెప్పేవాళ్లే ఎక్కువ.

ఎక్కడా లేకపోతే క్రిస్పర్‌తో (డీఎన్‌ఏని కోరిన చోట కోసే పద్ధతి) చేయించుకోవాలి. అన్ని ట్రాన్‌స్క్రిప్టుల్లోనూ (జన్యువు నుంచి తయారయ్యే ఆర్‌ఎన్‌ఏ నకళ్లు) ఉండే, జన్యువు మొదట్లో ఉండే ఎక్సాన్‌ని (ప్రోటీన్‌కి కోడ్ ఉండే ముక్క) ఎంచుకోండి. తీసేసే ఎక్సాన్ పొడవు మూడుతో భాగించబడకూడదు. భాగించబడితే రీడింగ్ ఫ్రేమ్ (మూడు మూడు అక్షరాలుగా చదివే వరుస) చెడకుండా నిలిచి, మధ్యలో కాస్త పోయినా పనిచేసే ప్రోటీన్ తయారైపోవచ్చు. మొదటి తరం ఎలుకలు మొజాయిక్ అయి ఉంటాయి, అంటే ఒంట్లో ఒక్కో చోట ఒక్కో మ్యుటేషన్ ఉండొచ్చు. వాటి మీద ప్రయోగాలు వద్దు. వైల్డ్ టైప్‌తో (జన్యువు మారని మామూలు ఎలుక) జత కట్టించి, తర్వాతి తరంలో సీక్వెన్స్ చూసి, ఒకే మార్పున్న లైన్‌ని నిలబెట్టుకోండి. వీలైతే వేర్వేరు గైడ్లతో (క్రిస్పర్‌కి కోయాల్సిన చోటు చూపే ఆర్‌ఎన్‌ఏలు) చేసిన రెండు లైన్లు ఉంచుకోండి. రెండింట్లోనూ ఒకే ఫలితం వస్తే ఆఫ్‌టార్గెట్ (వేరే చోట పొరపాటున కోత పడటం) టెన్షన్ చాలావరకు పోతుంది.

4. అసలు పిల్లలు బతుకుతాయా?

హెటిరోను (జన్యువు ఒక కాపీ మాత్రమే పోయిన ఎలుక) హెటిరోతో జత కలిపితే వైల్డ్ టైప్, హెటిరో, నాకౌట్ పిల్లలు ఒకటి, రెండు, ఒకటి నిష్పత్తిలో రావాలి. అంటే నాలుగో వంతు పిల్లలు పూర్తి నాకౌట్లు కావాలి. 21వ రోజు తల్లి నుంచి వేరుచేసేటప్పుడు జీనోటైప్ చేస్తే, 16 పిల్లల్లో ఒక్క నాకౌట్ కూడా లేదనుకుందాం. అది కేవలం అదృష్టం బాగోక జరిగే అవకాశం 1 శాతం. అంటే పిండ దశలోనో, పుట్టిన వెంటనేనో చనిపోతున్నాయని అర్థం.

అప్‌టేక్ ప్రోటీన్లలో ఇది తరచుగా ఎదురయ్యేదే. ఇనుమును లోపలికి తెచ్చే ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్ 1 లేని పిండాలు పన్నెండున్నర రోజులు నిండకుండానే పోతాయి. ఎల్‌డీఎల్ రిసెప్టర్‌కి దగ్గర చుట్టమైన ఎల్‌ఆర్‌పీ1 తీసేసినా పిండం బతకదు. మూత్రపిండంలో ప్రోటీన్లను తిరిగి పీల్చుకునే మెగాలిన్ లేకపోతే చాలావరకు పుట్టగానే చనిపోతాయి.

అలాంటప్పుడు క్రీ-లాక్స్ పద్ధతికి వెళ్లాలి. జన్యువులోని కీలక ఎక్సాన్‌కి రెండు వైపులా లాక్స్‌పీ గుర్తులు పెట్టి, కావాల్సిన కణజాలంలో మాత్రమే క్రీ ఎంజైమ్‌తో దాన్ని కోసేయడం. కాలేయానికి ఆల్బుమిన్-క్రీ, మాక్రోఫేజ్‌లకు (చెత్తను మింగే రోగనిరోధక కణాలు) లైజ్‌ఎం-క్రీ, పేగుకి విల్లిన్-క్రీ ఎక్కువగా వాడతారు. పెద్దయ్యాక తీసేయాలంటే టమాక్సిఫెన్‌తో పనిచేసే క్రీ ఉంది. కాలేయంలో మాత్రమే ఎల్‌ఆర్‌పీ1 లేని ఎలుకల్ని 1998లో ఇలాగే చేశారు, అవి బతికాయి. క్రీ ఎంజైమ్ కూడా తనంతట తాను ఇబ్బంది చేయగలదు. అందుకే లాక్స్‌పీ లేకుండా క్రీ మాత్రమే ఉన్న ఎలుకలు కూడా కంట్రోల్‌గా కావాలి. డబ్బు ఆదా చేద్దామని చాలామంది వదిలేసేది ఈ కంట్రోల్‌నే.

5. కంట్రోల్ ఎలుకలు ఎక్కడివి?

ఒకే కాన్పులో పుట్టిన వైల్డ్ టైప్ తోబుట్టువులే సరైన కంట్రోల్. బయటినుంచి కొన్న ఎలుకలు కాదు. దీని మీద నేను మొండిగానే ఉంటాను.

కారణం చెప్తాను. సీ57 బ్లాక్ 6 అని అందరూ ఒకే పేరుతో పిలిచే ఎలుకల్లో జే, ఎన్ అని రెండు శాఖలున్నాయి. జే శాఖలో మైటోకాండ్రియాకి చెందిన ఎన్ఎన్‌టీ జన్యువులో కొంత భాగం పోయింది. ఎన్ శాఖలో కంటికి సంబంధించిన సీఆర్‌బీ1 మ్యుటేషన్ ఉంది. మీ నాకౌట్ ఒక శాఖ, కంట్రోల్ ఇంకో శాఖ అయితే తేడా దేనివల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. పాత నాకౌట్లలో చాలావాటిని 129 రకం ఎలుకల మూలకణాల్లో చేశారు. పది తరాలు బ్యాక్‌క్రాస్ చేసినా (కావాల్సిన రకంతో మళ్లీ మళ్లీ జత కట్టించినా), తీసేసిన జన్యువు పక్కన 129 రకం డీఎన్‌ఏ ముక్క అతుక్కునే ఉంటుంది. కాస్పేస్-1 నాకౌట్ విషయంలో ఇదే జరిగింది. 129 రకంలో పక్కనున్న కాస్పేస్-11 జన్యువు పుట్టుకతోనే పాడై ఉంటుంది. కాస్పేస్-1 వల్ల అని ఏళ్ల తరబడి రాసిన కొన్ని ఫలితాలు నిజానికి కాస్పేస్-11 వల్ల వచ్చాయని 2011లో బయటపడింది.

ఒకే పంజరంలో పెంచడం, ఒకే మేత, ఒకే వయసు, మగా ఆడా విడివిడిగా లెక్కించడం మామూలే. లైన్ స్థిరపడగానే వీర్యం ఫ్రీజ్ చేయించండి. కాలనీలో ఇన్‌ఫెక్షన్ వచ్చిన రోజు ఆ చిన్న గొట్టాలే మిమ్మల్ని కాపాడతాయి.

6. ప్రోటీన్ నిజంగా పోయిందా?

చెవి ముక్క నుంచి డీఎన్‌ఏ తీసి పీసీఆర్ చేస్తే జన్యువు మారిందని మాత్రమే తెలుస్తుంది. ప్రతి జెల్‌లోనూ తెలిసిన హెటిరో డీఎన్‌ఏ ఒకటి, నీళ్లు మాత్రమే వేసిన వెల్ ఒకటి ఉండాలి. హెటిరోలో రెండు బ్యాండ్లూ కనబడకపోతే ఆ జెల్‌ని నమ్మకండి.

ఆ తర్వాత ప్రోటీన్ ఉందో లేదో చూపే వెస్టర్న్ బ్లాట్. ఎల్‌డీఎల్ రిసెప్టర్ పరిపక్వ రూపం 160 కిలోడాల్టన్ల దగ్గర, ఇంకా చక్కెరలు పూర్తిగా చేరని రూపం 120 దగ్గర కనిపిస్తుంది. ప్రోటీన్ రెండు చివర్లనూ గుర్తించే రెండు యాంటీబాడీలతో చూడండి, ఎందుకంటే తోక తెగిన ముక్క మిగిలిపోతే ఒక్క యాంటీబాడీకి దొరక్కపోవచ్చు. మీ ప్రోటీన్ పొరను పలుమార్లు దాటే ట్రాన్స్‌పోర్టర్ అయితే శాంపిల్‌ని మరిగించకండి. మరిగిస్తే అది గుంపుకట్టి జెల్ పైనే ఆగిపోతుంది, బ్యాండ్ లేదు కాబట్టి నాకౌట్ అయిందని మీరు పొరపడతారు. అదే బ్లాట్‌లో దగ్గరి బంధువులైన ప్రోటీన్లనూ చూడండి. ఒకటి పోతే ఇంకొకటి పెరిగి లోటు పూడ్చడం కొత్తేమీ కాదు.

7. కాలేయ కణాలను తీసి అప్‌టేక్ కొలవడం

ఇక అసలు పని. దీన్ని పుస్తకంలో చదివితే రాదు, చేయి తిరిగిన వాళ్ల పక్కన నిలబడి చూడాలి.

మత్తు ఇచ్చిన ఎలుక పోర్టల్ సిరలోకి సన్నని క్యానులా ఎక్కించి, కాల్షియం లేని, కాల్షియంని పట్టేసే ఈజీటీఏ కలిపిన 37 డిగ్రీల బఫర్‌ని పంపుతారు. ద్రవం బయటికి పోవడానికి కింది మహాసిరను కోస్తారు. క్యానులా సరిగ్గా కూర్చుంటే ముదురు ఎరుపు కాలేయం కొద్ది క్షణాల్లో అన్ని తమ్మెల్లోనూ ఒకే తీరున పాలిపోతుంది. ఒక తమ్మె ఎర్రగానే మిగిలితే ద్రవం అటు వెళ్లడం లేదని అర్థం. ఆ తర్వాత కాల్షియం ఉన్న కొలాజినేజ్ (కణాలను కలిపి ఉంచే కొలాజెన్‌ని కోసే ఎంజైమ్) ద్రావణం. కాలేయం ఉబ్బి, మెత్తబడుతుంది. దూది పుల్లతో మెల్లగా నొక్కితే పడ్డ గుంట మళ్లీ పైకి లేవకుండా అలాగే ఉండిపోతే ఆపేయాలి. ఇంకాసేపు ఉంచితే కణాలు చచ్చిపోతాయి, ముందే ఆపితే విడిపోవు. కాలేయాన్ని చల్లని మీడియాలోకి తీసుకుని పైతొడుగు చీల్చి అటూ ఇటూ ఊపితే కణాలు పొగలా మీడియాలోకి విడిపోతాయి. వడకట్టి, 50 జీ వేగంతో మాత్రమే సెంట్రిఫ్యూజ్ చేయండి. హెపటోసైట్లు (అసలు కాలేయ కణాలు) పెద్దవి కాబట్టి ఆ నెమ్మదికే అడుగుకి చేరతాయి, మిగతా చిన్న కణాలు పైన ఉండిపోతాయి. ట్రిపాన్ బ్లూ (చచ్చిన కణాలకే పట్టే రంగు) పరీక్షలో 85 శాతం పైగా బతికున్న కణాలు ఉంటేనే ముందుకు వెళ్లండి. చచ్చిన కణాలు రంగు పదార్థాన్ని ఊరికే పీల్చుకుని మీ లెక్కలన్నీ పాడుచేస్తాయి.

కొలాజెన్ పూసిన ప్లేట్లలో వేసి, కణాలు అతుక్కున్నాక లైపోప్రోటీన్లు తీసేసిన సీరంలో రాత్రంతా ఉంచండి. కొలెస్ట్రాల్ దొరక్క వైల్డ్ టైప్ కణాలు ఎల్‌డీఎల్ రిసెప్టర్‌ని పెంచుకుంటాయి, దాంతో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. మర్నాడే ప్రయోగం ముగించండి. హెపటోసైట్లు డిష్‌లో రోజులు గడిచేకొద్దీ తమ స్వభావం పోగొట్టుకుంటాయి.

ఇప్పుడు ఫ్లోరసెంట్ రంగు వేసిన ఎల్‌డీఎల్ ఇవ్వండి. ఒక ప్లేట్ 4 డిగ్రీల దగ్గర, ఐస్ మీద ఉండాలి. ఆ చలిలో ఎండోసైటోసిస్ (కణం పొరను లోపలికి ముడిచి పదార్థాన్ని మింగడం) ఆగిపోతుంది కాబట్టి కనిపించేది బైండింగ్ మాత్రమే. ఇంకో ప్లేట్ 37 డిగ్రీల దగ్గర రెండు గంటలు. ఆ తర్వాత హెపారిన్ కలిపిన బఫర్‌తో కడిగితే రిసెప్టర్‌ని పట్టుకుని పైనే ఉన్న ఎల్‌డీఎల్ విడిపోతుంది. ఇక మిగిలింది ఎక్కువగా లోపలికి వెళ్లినదే. ఈ కిటుకు 1976 నుంచి వాడుకలో ఉంది. మూడో ప్లేట్‌లో రంగులేని ఎల్‌డీఎల్‌ని ఎన్నో రెట్లు ఎక్కువగా కలపండి. అప్పటికీ కనిపించే సిగ్నల్ నాన్‌స్పెసిఫిక్, దాన్ని తీసేయాలి. డీఐఐ లాంటి కొవ్వు రంగులు ఎల్‌డీఎల్‌తో పనిలేకుండా నేరుగా కణ పొరలోకి జారగలవు, అందుకే ఈ ప్లేట్ తప్పనిసరి.

నేను తప్పక పెట్టమనే ఇంకో కంట్రోల్ ఉంది. అదే నాకౌట్ కణాలకు ఫ్లోరసెంట్ ట్రాన్స్‌ఫెరిన్ (ఇనుమును మోసే ప్రోటీన్) ఇవ్వండి. అది కూడా క్లాత్రిన్ (పొరను లోపలికి వంచే ప్రోటీన్) దారిలోనే, కానీ వేరే రిసెప్టర్‌తో వెళ్తుంది. ట్రాన్స్‌ఫెరిన్ మామూలుగా వెళ్లి ఎల్‌డీఎల్ మాత్రమే ఆగిపోతే లోపం మీ రిసెప్టర్‌దే. రెండూ ఆగిపోతే మీరు తీసేసింది మొత్తం యంత్రాంగంలో ఒక భాగాన్ని, లేదా మీ కణాలే బాగోలేవు.

లెక్కల దగ్గర ఒకే మాట. ఒక ఎలుక నుంచి తీసిన ఆరు వెల్స్ ఆరు శాంపిళ్లు కావు, ఒక్కటే. సగటు తీసి ఎలుకకో అంకె రాసుకోండి. ఏ ప్లేట్ ఎవరిదో కొలిచే మనిషికి తెలియకూడదు.

8. బతికున్న జంతువులో

కొన్ని గంటలు మేత ఆపి రక్తం తీసి చూడండి. 1993 నాటి ఎలుకల్లో మామూలు మేత మీద మొత్తం కొలెస్ట్రాల్ సుమారు రెండు రెట్లే పెరిగింది. అదే రిసెప్టర్ రెండు కాపీలూ పోయిన మనుషుల్లో చిన్నప్పుడే గుండెపోట్లు వస్తాయి. ఆ తర్వాత ఆ ఎలుకలకు కొలెస్ట్రాల్ బాగా కలిపిన మేత పెడితే డెసీలీటర్‌కి 1500 మిల్లీగ్రాములు దాటిపోయింది. అందుకే మామూలు మేత మీద తేడా తక్కువగా ఉందని నిరాశపడి వదిలేయకండి, ఆ దారి మీద బరువు పెట్టి చూడండి.

నేరుగా అప్‌టేక్ తెలియాలంటే, గుర్తు వేసిన ఎల్‌డీఎల్‌ని తోక సిరలోకి ఎక్కించి, కొన్ని సమయాల్లో చుక్క చుక్క రక్తం తీసి, ఎంత వేగంగా మాయమవుతోందో చూడాలి. చివర్లో కాలేయం, మూత్రపిండం, ప్లీహం వంటివి తీసి దేంట్లో ఎంత చేరిందో కొలవాలి. మామూలు అయోడిన్ 125 గుర్తు అయితే ప్రోటీన్ అరిగిపోగానే కణం నుంచి బయటికి వచ్చేస్తుంది. టైరమైన్ సెల్లోబయోజ్ లాంటి గుర్తు లైసోజోమ్‌లోనే చిక్కుకుని ఉండిపోతుంది, కాబట్టి ఏ అవయవం తిన్నదో తెలియడానికి అదే మేలు. రక్తంలో పెరుగుదల తయారీ వల్లనా, తీసుకోవడం తగ్గడం వల్లనా అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. 1993 ఎలుకల్లో ఎల్‌డీఎల్ రక్తంలో నిలిచే కాలం వైల్డ్ టైప్ కంటే బాగా పెరిగింది.

9. తేడా రాకపోతే, తక్కువ వస్తే

మామూలు మేత మీద కొలెస్ట్రాల్ రెండు రెట్లే ఎందుకు పెరిగింది? ఎలుక కాలేయం మనిషి కాలేయంలా కాదు. అది అపోబీ48 అనే ప్రోటీన్ ఉన్న కొవ్వు కణికలను కూడా తయారుచేస్తుంది. వాటిని అపోఈ అనే ఇంకో ప్రోటీన్ సాయంతో ఎల్‌ఆర్‌పీ1 లాంటి వేరే రిసెప్టర్లు పట్టుకోగలవు. ఒక వాకిలి మూస్తే సరుకు పెరటి గుమ్మం గుండా వస్తోందన్నమాట. 1998 ప్రయోగంలో కాలేయంలో ఎల్‌ఆర్‌పీ1, ఎల్‌డీఎల్ రిసెప్టర్ రెండూ లేకుండా చేసినప్పుడు కైలోమైక్రాన్ (తిన్న కొవ్వును మోసే కణికలు) అవశేషాలు రక్తంలో పేరుకుపోయాయి. కాబట్టి తేడా రాలేదంటే ఆ ప్రోటీన్‌కి పనిలేదని కాదు. డబుల్ నాకౌట్ చేయకుండా ఆ మాట అనకండి.

దీనికి తిరగబడ్డ కథ కూడా ఉంది. సీడీ36, స్కావెంజర్ రిసెప్టర్ ఏ అనే రిసెప్టర్లు లేని మాక్రోఫేజ్‌లు డిష్‌లో ఆక్సీకరణ చెందిన ఎల్‌డీఎల్‌ని చాలా తక్కువగా తీసుకున్నాయి. రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడం కూడా తగ్గుతుందని అందరూ ఎదురుచూశారు. 2005లో వచ్చిన ప్రయోగంలో కొలెస్ట్రాల్ ఎక్కువున్న ఎలుకల్లో వీటిని ఒక్కొక్కటిగా తీసేసినా రక్తనాళాల జబ్బు తగ్గలేదు. డిష్‌లో వచ్చిన ఫలితాన్ని ఒంటికి అంటగట్టకూడదని చెప్పడానికి దీన్ని మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు. డిష్, ఒళ్లు రెండింటి ఫలితాలూ పక్కపక్కన పెట్టండి, కలవకపోతే కలవలేదనే రాయండి.

10. ప్రోటీన్‌ని తిరిగి పెట్టండి

చివరి పరీక్ష ఇది. తీసేసిన ప్రోటీన్‌ని వెనక్కి ఇస్తే అప్‌టేక్ తిరిగి రావాలి. 1993 బృందం అడినోవైరస్‌తో మనిషి ఎల్‌డీఎల్ రిసెప్టర్‌ని ఎలుకల కాలేయంలోకి పంపితే పెరిగిన కొలెస్ట్రాల్ దిగివచ్చింది. పక్కనున్న 129 ముక్క వల్లనో, ఆఫ్‌టార్గెట్ వల్లనో అన్న అనుమానాలకు సమాధానం ఇదే. ఇప్పుడు కాలేయానికి ఏఏవీ8 అనే వైరస్‌ని ఎక్కువగా వాడుతున్నారు. కంట్రోల్ ఎలుకలకు ఉత్త వైరస్ కాకుండా, అదే వైరస్‌లో పనికి సంబంధం లేని ప్రోటీన్ పెట్టి ఇవ్వండి.

దానితోపాటు మ్యుటేషన్ ఉన్న రూపాన్ని కూడా తిరిగి పెట్టి చూడండి. ఎల్‌డీఎల్ రిసెప్టర్ తోకలో 807వ స్థానంలో టైరోసిన్ పోయి సిస్టీన్ వచ్చిన మ్యుటేషన్ ఒక రోగిలో దొరికింది. అలాంటి రిసెప్టర్ ఎల్‌డీఎల్‌ని పట్టుకుంటుంది, లోపలికి మాత్రం తీసుకెళ్లలేదు. నాకౌట్ కణాల్లో ఒకవైపు మంచి రిసెప్టర్, ఇంకోవైపు ఈ రూపం పెడితే, 4 డిగ్రీల ప్లేట్‌లో రెండూ ఒకేలా, 37 డిగ్రీల ప్లేట్‌లో పూర్తిగా వేరుగా రావాలి.

డోసు విషయంలో తొందరపడకండి. సహజంగా ఉండేదానికి పది రెట్లు పోస్తే ఏ రిసెప్టరైనా ఏదో ఒకటి లోపలికి లాగుతుంది. ముందు రెండు మూడు డోసులతో కొద్ది ఎలుకల్లో చేసి, కాలేయం వెస్టర్న్‌లో బ్యాండ్ వైల్డ్ టైప్ తోబుట్టువు బ్యాండ్‌కి సమానంగా వచ్చే డోసుని పట్టుకోండి. అసలు ప్రయోగం ఆ డోసుతోనే చేయండి, ఆ బ్లాట్‌ని కూడా పేపర్‌లో పెట్టండి.